వంకాయరంగు పెట్టె లెక్క

జోగారావు ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు మూడు రావాలి. మూడింటినీ ఒకే పనికి పెట్టి, ఏ రెండు ఒకే మాట చెబితే అదే నిజమని తేల్చి, మూడోదాన్ని తిప్పి పంపాలి. మిక్సీ కొన్నప్పుడు ఒకే మినప్పప్పును మూడు వాటాలేసి మూడు మిక్సీల్లో రుబ్బించాడు. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ గారెలు తిని, తర్వాత మూడు నెలలు గారె పేరెత్తలేదు. పెళ్ళిచూపులు కూడా సరిగ్గా మూడే చూశాడని అతని చెల్లెలు ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఆ మూడింట్లో తను ఏ లెక్కన నెగ్గిందో సుభాషిణి ఇరవై రెండేళ్ళుగా అడగలేదు.

అందులో అతని తప్పు కూడా పెద్దగా లేదు. విశాఖపట్నం ఆటోనగర్‌లో కొలత పరికరాలు సరిచూసే ప్రయోగశాలకు అతను పెద్ద. ఊళ్ళో ఫ్యాక్టరీల థర్మామీటర్లూ, ప్రెషర్ గేజులూ, కాటాలూ అతని బల్ల మీదికొచ్చి నిజం చెబుతున్నాయో లేదో తేల్చుకుని వెళ్తాయి. రోజంతా పరికరాల్ని అనుమానించి బతికే మనిషి ఇంటికొచ్చి దుకాణంవాడి మాట నమ్ముతాడా?

కాబట్టి హబ్ కొనాలన్నప్పుడు కూడా మూడు వచ్చాయి.

హబ్ అవసరం ఎందుకొచ్చిందంటే, మర్రిపాలెంలోని ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కో వస్తువుకీ ఒక్కో యాప్ తయారైంది. గీజరుకొకటి, ఏసీకొకటి, హాల్లో లైట్లకొకటి, వీధి తలుపు తాళానికొకటి, గ్యాస్ లీకైతే దానంతటదే మూసుకునే వాల్వుకొకటి. ఓ రోజు పొద్దున్న సుభాషిణి గీజర్ వెయ్యబోయి తలుపు తాళం తీసేసింది. ఎదురింటివాళ్ళ పిల్లి లోపలికొచ్చి పాలగిన్నె నాకి తాపీగా వెళ్ళిపోయింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు లిఖిత ఆ సాయంత్రం తల్లికి సంగతి విడమరిచి చెప్పింది.

"వీటిల్లో ఒక్కోటి ఒక్కో భాష మాట్లాడతాదమ్మా. అందరి భాషా తెలిసినోడు ఇంట్లో ఒకడుండాలి. ఆడే హబ్బు."

"మరలాంటప్పుడు ముగ్గుర్ని తెచ్చారేటి మీ నాన్న?"

"నాన్న కదా" అంది లిఖిత.

మూడు పెట్టెల పేర్లూ నోరు తిరగనివే. ఇంట్లో వాటిని రంగుల్ని బట్టే పిలిచారు. తెల్లది, నల్లది బజారులో కొన్నవి, నచ్చకపోతే నెలలోపు తిప్పి ఇవ్వొచ్చు. వంకాయరంగుది ఇంకా బజారుకి రాలేదు. రుషికొండ మీద ఓ చిన్న కంపెనీలో పుట్టింది. వాళ్ళ పరికరాలు జోగారావు ప్రయోగశాలకే వస్తాయి కాబట్టి, ఓ నెల ఇంట్లో వాడి చూసి చెప్పండి సార్ అని ఇచ్చారు.

ఆ పెట్టె బిగించడానికి ఎస్తేరు అనే అమ్మాయి వచ్చింది. దాన్ని తయారుచేసిన నలుగురిలో ఆమె ఒకతి. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలై జోగారావు సోఫాలో కునుకు తీసే వేళ. ఫ్రిజ్ మీద పెట్టె పెట్టి, లిఖితని హాల్లోంచి వంటింటికి నడవమంది. లిఖిత నడిచింది. ఎస్తేరు చేతిలోని తెర మీద ఒక గీత వంకరటింకరగా కదిలింది.

"ఇంటి నిండా ఈ పెట్టె తరంగాలే ఉంటాయి. మనం వాటిల్లోంచి నడిస్తే అవి చెదురుతాయి. ఒక్కో మనిషికి ఒక్కోలాగ చెదురుతాయి. అడుగు, ఊపిరి, గుండె. ఇంకేమీ అక్కర్లేదు దీనికి. కెమెరా లేదు, మాట వినదు" అంది ఎస్తేరు. "ఎవరు లోపలున్నారో తెలిస్తే వాళ్ళకి తగ్గట్టు ఇల్లు సర్దుతుంది. ఇప్పుడు మీరు నడవండి ఆంటీ."

సుభాషిణి నడిచింది. గీత కదిలిందో లేదో తెలియలేదు. మళ్ళీ నడిచింది. మూడోసారి కూడా నడిపించి ఎస్తేరు కళ్ళు చిట్లించుకుంది.

"చాలా మెత్తగా నడుస్తారు ఆంటీ మీరు. ఊపిరి కూడా బాగా పైపైన ఉంది. ఆయాసం గట్రా ఏమైనా ఉందా?"

"లేదమ్మా. బానే ఉంటాను."

"మా అమ్మ ఎప్పుడూ అంతే" అంది లిఖిత. "వెనకాల వచ్చి నిలబడినా తెలీదు."

మొత్తానికి పెట్టె ముగ్గుర్నీ నేర్చుకుంది. ముగ్గురి పేర్లూ అందులోకి ఎక్కాయి. జోగారావు లేచి, చదరాల కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీసి, పైన తెలుపు, నలుపు, వంకాయ అని రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. పరీక్ష నడిచినన్నాళ్ళూ గ్యాస్ వాల్వు, తలుపు నల్లదాని చేతిలో, ఏసీ, గీజరు తెల్లదాని చేతిలో ఉంటాయి. వంకాయరంగుది కేవలం మనుషుల్ని లెక్కపెడుతుంది. రోజూ సాయంత్రం మూడు పెట్టెల్నీ ఫోనులో ఒకే ప్రశ్న అడగాలి. ఈ రోజు ఇంట్లో ఎంతమంది తిరిగారు?

మొదటి మూడు రోజులూ ఎవరు ఏ పెట్టెతో మాట్లాడుతున్నారో ఎవరికీ తెలియలేదు. లిఖిత ఏసీ వెయ్యమంటే గీజరు వేడెక్కింది. సుభాషిణి పోపు పెడుతుంటే వచ్చిన ఘాటుకు నల్లది గ్యాస్ కట్టేసింది. జోగారావు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా పెన్సిల్ చెక్కుకుని అంకెలు వేశాడు. తెలుపు మూడు, నలుపు మూడు. వంకాయ నాలుగు.

"పనిమనిషిని కలిపిందేమో" అంది లిఖిత.

"మనకి పనిమనిషెక్కడిదే?" అంది సుభాషిణి.

మర్నాడూ నాలుగే. ఆ మర్నాడూ నాలుగే. రెండు పెట్టెలు ఒక మాట చెబుతున్నాయి కాబట్టి మూడోది తప్పని జోగారావు కాగితం మీద రాసేసుకున్నాడు. కానీ లోపల ఏదో గుచ్చింది. తప్పు చెప్పే పరికరం ఓ రోజు నాలుగు, ఓ రోజు రెండు, ఓ రోజు ఏడు చెప్పాలి. ఇది అలా తడబడటం లేదు. ఫోనులో ఆ నాలుగో పేరు మీద నొక్కి చూశాడు. "పేరు తెలియని వ్యక్తి. రాక: ఉదయం పదీ ఇరవై. పోక: సాయంత్రం నాలుగూ పది." ముందు రోజూ అంతే, ఓ ఐదు నిమిషాలు అటూ ఇటూ. ఆదివారం మాత్రం రాలేదు.

పదింటికి జోగారావు, అతని బండి మీదే లిఖిత వెళ్ళిపోతారు. నాలుగున్నరకి లిఖిత వస్తుంది. మధ్యలో ఇంట్లో ఉండేది సుభాషిణి ఒక్కతే.

ఆ సంగతి అతను చెప్పగానే సుభాషిణి వెళ్ళి వీధి తలుపు గొళ్ళెం వేసి వచ్చింది. తను ఒంటరిగా ఉన్నాననుకుంటున్న ఇంట్లో రోజూ ఆరుగంటలు ఇంకొకరు ఉంటున్నారు. ఆ మాట ఎటు తిప్పి ఆలోచించినా మింగుడు పడలేదు. మంచం కింద చూసింది. అటక మీద పాత సూట్‌కేసుల వెనకాల టార్చి వేసి చూసింది. బీరువా తెరిచి చీరల మధ్యలో చెయ్యిపెట్టి చూసి, మనిషి చీరల మధ్య పడతాడా అని తనమీద తనే విసుక్కుంది.

మర్నాడు వాళ్ళు వెళ్ళగానే గొళ్ళెం బిగించి, అట్లకాడ చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మంలో గోడకానుకుని నిలబడింది. అడుగు తీసి అడుగు వెయ్యాలన్నా భయమే. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. సాయంత్రం జోగారావు పెట్టెను అడిగితే మూడు అంది.

రెండు రోజులు అలాగే కాపలా కాసింది. రెండు రోజులూ ముగ్గురే. మూడో రోజు కాళ్ళు నొప్పులు పుట్టి, వచ్చేవాడెవడో మానేశాడని ధైర్యం తెచ్చుకుని మామూలుగా పని చేసుకుంది. ఆ సాయంత్రం మళ్ళీ నలుగురు.

"కాపు కాస్తే రాడు. కాపు వదిలీస్తే వస్తాడు" అంది సుభాషిణి భర్తతో. "అంటే నన్ను చూస్తన్నాడనే కదండీ."

జోగారావు ఆమె వైపు చూసిన చూపు మామూలుగా లేదు. ముల్లు ఊగుతున్న గేజుని అతను అలాగే చూస్తాడు.

*

శనివారం అతను వంకాయరంగు పెట్టెను సంచిలో పెట్టుకుని ప్రయోగశాలకి పట్టుకెళ్ళాడు. అక్కడ బయటి తరంగాలేవీ చొరబడకుండా రేకులు తాపడం చేసిన గది ఒకటుంది. దాన్లో పెట్టెను పెట్టి, ముందు తను ఒక్కడే వెళ్ళాడు. ఒకరు అంది. ఇద్దరు సహాయకుల్ని తీసుకెళ్ళాడు. ముగ్గురు అంది. ఒకణ్ణి బల్ల కింద దాచాడు, అయినా ముగ్గురే అంది. ఒకణ్ణి బయటికి పంపి, వాడి చెప్పులు ఇంకొకడికి తొడిగించాడు. ఇద్దరు అంది. నలభైసార్లు మార్చి మార్చి పరీక్షిస్తే నలభైసార్లూ సరిగ్గా చెప్పింది.

తెల్లదీ నల్లదీ ఎలా లెక్కపెడతాయో కూడా ఫోనులో వాటి యాప్‌లు తెరిచి చూశాడు. తెల్లది మనుషుల్ని లెక్కపెట్టడం లేదు, ఇంట్లో తగిలిన ఫోన్లని లెక్కపెడుతోంది. నల్లది తలుపు తాళం మీద పడిన వేలిముద్రల్ని లెక్కపెడుతోంది. లోపలినుంచి గొళ్ళెం తీసి ఎవర్నైనా రానిస్తే దానికి తెలియనే తెలియదు. మొదటి రోజు ఇంట్లోవాళ్ళు ఎక్కించిన మూడు ఫోన్లూ, మూడు వేలిముద్రల లెక్కనే ఆ రెండూ రోజూ తిప్పి అప్పగిస్తున్నాయి.

జోగారావు కుర్చీలో కూలబడ్డాడు. పాతికేళ్ళుగా రెండు పరికరాలు ఒప్పుకున్నదే నిజమనుకున్నాడు. ఒప్పుకున్న ఆ రెండూ అసలు చూడనేలేదు. చూసిన ఒక్కటీ నలుగురంటోంది. లోపలినుంచి గొళ్ళెం తీసి రానిస్తే అన్న మాట దగ్గరే అతని బుర్ర ఆగిపోయింది. పరికరాన్ని అనుమానించడం అతనికి వచ్చు. మనిషిని అనుమానించడం ఎలాగో తెలియదు, కానీ ఆ సాయంత్రం అదే పని చేశాడు.

లిఖిత స్నేహితురాలింటికి వెళ్ళింది. సుభాషిణి కాఫీ ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"పగలు ఎవరైనా వస్తన్నారా?"

ఆమెకు ముందు అర్థం కాలేదు. "దాని గురించే కదండీ ఈ గొడవంతా. నాకేటి తెలుసు?"

"నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా."

అప్పుడర్థమైంది. కోపం రావాల్సింది, కానీ ముందు సిగ్గేసింది, చెయ్యని పనికి సిగ్గేమిటో తెలియక ఇంకా గందరగోళపడింది.

"ఎవరూ రారు" అంది.

"పెట్టె అబద్ధం చెప్పట్లేదు సుభా. నలభైసార్లు చూశాను."

"అయితే నేను చెప్తన్నానా?"

కాఫీ మీద మీగడ కట్టింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను ఆమెను ఒక్క మాట తూలనాడలేదు. ఆ రోజూ అనలేదు. ఏదో ఒకటి అనేస్తే బాగుండునని సుభాషిణికి మొదటిసారి అనిపించింది. ఆ నాలుగోవాడు ఎవరో తను పట్టుకోకపోతే ఈ ఇంట్లో తన మాటకిక విలువ ఉండదు. పెట్టెను తిప్పి పంపినా అది అన్న మాట ఇంట్లోనే ఉండిపోతుంది.

*

సోమవారం కాలేజీకి వెళ్ళే ముందు లిఖిత చేత తన ఫోనులో కూడా ఆ యాప్ వేయించుకుంది. ఇంట్లో ఎవరున్నారో ఆ క్షణాన ఉన్నది ఉన్నట్టు అందులో కనిపిస్తుంది.

"ఎవరైనా కనబడితే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు ఎదురెళ్ళొద్దు" అంది లిఖిత.

వాళ్ళు వెళ్ళిపోయారు. సుభాషిణి ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించి నిలబెట్టింది. తెర మీద ఒకే పేరు. సుభాషిణి. ఇల్లంతా తిరిగి చూసింది. ఒకే పేరు. పది అయింది, పదీ ఇరవై అయింది. ఎవరూ రాలేదు.

ఎంతసేపని నిలబడుతుంది? పది ముప్పావుకి విసుగొచ్చి, ప్లేట్లో రాత్రి మిగిలిన పులిహోర పెట్టుకుని, అలవాటు చొప్పున వంటింటి గట్టు మీదికెక్కి కూర్చుంది. ఇంట్లో ఎవరైనా ఉంటే ఆమె ఎప్పుడూ అలా కూర్చోదు. కాళ్ళు ఊపుకుంటూ పేపరు తెరిచి, రేడియోలో వార్తలు చదివే ఆవిడలా గొంతు సవరించుకుని, రాశిఫలాలు పైకి చదివింది. రోజూ చదువుతుంది. చదివి, ఒక్కో రాశికీ ఒక్కో జవాబు చెబుతుంది.

"మేషం. బంధువుల రాక. రానీ, పులిహోర అయిపోయింది. వృషభం. వాహన ప్రయాణాల్లో జాగ్రత్త. మా ఆయన బండి నలభై దాటదులే. కన్య. నూతన పరిచయాలు ఏర్పడును." కన్య ఆమె రాశి. ఆమెకు నవ్వొచ్చింది, కడుపులోంచి వచ్చింది. "ఉన్నోళ్ళతోనే వేగలేకపోతన్నాను, కొత్తోళ్ళు కూడానా."

నవ్వు ఆపుకుంటూ జాడీ వైపు చూసింది.

తెర మీద ఆమె పేరు లేదు. "పేరు తెలియని వ్యక్తి" అని ఉంది.

ప్లేటు పక్కన పెట్టి ఒక్క ఉదుటున కిందికి దిగింది. అట్లకాడ అందుకుని, ఊపిరి బిగబట్టి, మునివేళ్ళ మీద హాల్లోకి వెళ్ళి తలుపు వెనక చూసింది. ఎవరూ లేరు. పడగ్గది, బాల్కనీ. ఎవరూ లేరు. తిరిగొచ్చి తెర చూస్తే "సుభాషిణి" అని ఉంది.

వెళ్ళిపోయాడా? ఇంతలోనే ఎలా వెళ్తాడు? ఆమెకు ఏమీ బోధపడలేదు. తెరనే చూస్తూ నిలబడింది. భయం కాస్త తగ్గాక, పళ్ళెం కడుగుదామని సింకు దగ్గరికి నాలుగడుగులు వేసి, ఒక నిట్టూర్పు విడిచింది. పేరు మాయమైంది. పేరు తెలియని వ్యక్తి వచ్చింది.

సుభాషిణి కదలకుండా తన కాళ్ళ వైపు చూసుకుంది. మడమలు రెండూ నేల మీద ఆనాయి.

నెమ్మదిగా మడమలు పైకెత్తింది. ఎత్తగానే ఊపిరి దానంతటదే ఛాతీ పైకి వచ్చి ఆగింది. ఆ రెండూ కలిసే జరుగుతాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నాలుగడుగులు వేసింది. తెర మీద సుభాషిణి. మడమలు దించి, కడుపు నిండా గాలి పీల్చుకుని నాలుగడుగులు వేసింది. పేరు తెలియని వ్యక్తి. భర్త పద్ధతి గుర్తొచ్చి మూడుసార్లు చూసింది. మూడుసార్లూ ఒకటే జవాబు.

అప్పుడు నేల మీదే కూర్చుండిపోయింది.

పెళ్ళైన కొత్తలో జోగారావుకి రాత్రి డ్యూటీలు. ఫ్యాక్టరీలో యంత్రాలు ఆగేది రాత్రిపూటే, గేజుల తనిఖీ అప్పుడే. పదకొండేళ్ళు అతను పగలు నిద్రపోయాడు. గాజువాకలో ఒక గదీ వంటిల్లూ ఉన్న అద్దె ఇల్లు. చెంచా చప్పుడైనా మెలకువొచ్చే నిద్ర అతనిది. ఓ మధ్యాహ్నం ఆమె చేతిలోంచి పళ్ళెం జారింది. అతను లేచాడు, మళ్ళీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రి ఒక అంకె తప్పు రాశాడు. మూడు రోజులు సస్పెండ్ చేశారు. ఇంటికొచ్చి ఆమెను ఏమీ అనలేదు. "ఆ పళ్ళెం చప్పుడుకి లేచాను కదా, అప్పట్నించీ తల తిరుగుతానే ఉంది" అని మాత్రం అన్నాడు. ఆ మర్నాటి నుంచి సుభాషిణి మడమలు నేలకి ఆనలేదు. కుక్కరు కూత రాకుండా చూసుకుంది. పసిపిల్ల లిఖిత ఏడిస్తే ఎత్తుకుని మేడమెట్ల మీదికి పరిగెత్తింది. దగ్గొస్తే చెంగు నోట్లో కుక్కుకుంది.

రాత్రి డ్యూటీలు మానేసి పదకొండేళ్ళైంది. మడమలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు వెళ్ళి తలుపు పడ్డాకే అవి దిగుతున్నాయి. సాయంత్రం నాలుగింటికి, లిఖిత వచ్చే వేళకు, మళ్ళీ లేస్తున్నాయి.

ఆమెకు ఏడుపొచ్చింది. దొంగ దొరికినందుకో, దొంగ తనే అయినందుకో తెలియకుండానే ఏడ్చింది.

*

మంగళవారం సుభాషిణి అడిగిందని జోగారావు సెలవు పెట్టాడు, లిఖిత కాలేజీ మానేసింది. ఎస్తేరు వచ్చింది. సుభాషిణి ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఫోను బల్ల మీద పెట్టి, ఒకసారి మునివేళ్ళ మీద, ఒకసారి మడమల మీద హాలంతా నడిచి చూపించింది. తెర మీద ఇద్దరు మనుషులు వంతులవారీగా వచ్చిపోయారు.

జోగారావు తన ఫోను తీసి పాత రోజులన్నీ వెనక్కి జరిపాడు. నాలుగో మనిషి ఉన్న ప్రతి క్షణానా పెట్టె లెక్కలో సుభాషిణి ఇంట్లో లేదు. ఆమె పేరు పక్కనే కనిపిస్తున్నా ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా దాని మీద నొక్కి చూడలేదు. వేటితో పోల్చి మిగతావన్నీ సరిచూస్తామో ఆ తూకంరాళ్ళని ఎవరూ మళ్ళీ తూచరు. అతనికి భార్య అలాంటి తూకంరాయి.

"దాన్ని తూచాల్సిందనే తట్టలేదు" అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు.

ఎస్తేరు తలవంచుకుని చెప్పింది. "తప్పు మాదే సార్. ఒక మనిషికి ఒకటే నడక ఉంటుందనుకున్నాం. ఆదివారం అందరూ ఉండగా ఆంటీని నేర్పించాం. ఒక్కరే ఉన్నప్పుడు కూడా నేర్పించాల్సింది. రెండింటినీ ఒకే పేరు కింద పెట్టడం దీనికి ఇంకా రాదు. ఒకటి తుడిచెయ్యాలి. తుడిచేసినదాన్ని ఇల్లు ఇక గుర్తుపట్టదు. గ్యాస్, తలుపు, లైట్లు అన్నీ రేపట్నించి దీని చేతికే ఇస్తే, గుర్తుపట్టనివాళ్ళకి పొయ్యి కూడా వెలగదు. ఏది ఉంచమంటారు?"

"పేరున్నదే ఉంచండి" అన్నాడు జోగారావు వెంటనే. "మా ఇంట్లో ఉన్నది ఆవిడే కదా. ఆ పేరు లేనిది తుడిచియ్యండి."

అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. ముగ్గురే ఉండాల్సిన ఇంట్లో ముగ్గురే మిగలాలని అతని ఆరాటం. లిఖిత తల్లి వైపు చూసింది. సుభాషిణి తన మడమలు పైకి లేచి ఉన్నాయని గమనించుకుంది. ఆ ఎత్తు మీంచి మాట్లాడితే ఏ మాటైనా సరేనండీ అనే వస్తుందని ఆమెకు తెలుసు.

మడమలు దించింది.

"పేరున్నదే తుడిచియ్యమ్మా" అంది ఎస్తేరుతో. గొంతు రోజూ రాశిఫలాలు చదివే గొంతులా వచ్చింది, గది నిండా వినబడింది. లిఖిత ఉలిక్కిపడింది.

జోగారావు ఆమెను కొత్తగా చూశాడు. "మరి ఇన్నాళ్ళూ నాతో ఉన్నదెవరు?" అని అడిగాడు. నిలదీయడం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"అదీ నేనేనండీ. మిమ్మల్ని లేపకూడదని నడిచాను."

"నేను లేచి పదకొండేళ్ళయింది కదా సుభా."

"ఆ మాట మీరు చెప్పలేదు. నేనూ అడగలేదు."

ఎస్తేరు తెర మీద ఒకచోట నొక్కింది. కాసేపు ఏదో తిరిగింది. తర్వాత పేరు తెలియని వ్యక్తి స్థానంలో సుభాషిణి అని వచ్చింది. ఇరవై రెండేళ్ళ నడక అంత తేలిగ్గా చెరిగిపోయింది. దాని మీదా ఆమెకు జాలేసింది, ఎంతైనా అది ఈ కాపురాన్ని మోసిన నడక.

తెల్లదీ నల్లదీ ఆ మర్నాడే దుకాణానికి వెళ్ళిపోయాయి.

*

ఆదివారం భోజనాలయ్యాక జోగారావు సోఫాలో నడుం వాల్చాడు. లిఖిత గదిలో చదువుకుంటోంది. నాలుగవుతుంటే సుభాషిణి టీ పెట్టడానికి లేచింది.

పొయ్యి తిప్పింది. వెలగలేదు. మళ్ళీ తిప్పింది, వెలగలేదు. ఫ్రిజ్ మీద వంకాయరంగు పెట్టె చిన్నగా ఎర్రదీపం వెలిగించింది. ఫోను చూసుకుంటే "కొత్త వ్యక్తి. గ్యాస్ నిలిపివేయబడింది" అని ఉంది. భర్త పడుకున్నాడు కదా, మడమలు వాటంతటవే లేచిపోయాయి. తన వంటింట్లో తనే పరాయిదై ఓ నిమిషం అలాగే నిలబడింది. ఆ పాతావిడకి ఈ ఇంట్లో ఇక టీ చుక్క కూడా దొరకదు.

గుమ్మం దాకా వెనక్కి నడిచింది. అక్కణ్ణుంచి మడమలు నేలకి ఆనించి, ఊపిరి కడుపులోకి పీల్చి, పొయ్యి దాకా నడిచింది. ధబ్ ధబ్ మని చప్పుడైంది. గ్లాసుల స్టాండు కూడా కాస్త గలగలలాడింది. ఆ చప్పుడు తనదేనంటే ఆమెకే నమ్మశక్యంగా లేదు.

సోఫాలో జోగారావు ఉలిక్కిపడి లేచాడు.

"ఎవరదీ?"

ఇన్నేళ్ళలో ఆమె అడుగుల చప్పుడుకి అతను నిద్ర లేవడం అదే మొదటిసారి. సుభాషిణికి పళ్ళెం జారిన ఆ మధ్యాహ్నం కళ్ళ ముందు కదిలింది. క్షమించండి, పడుకోండి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మడమలు లేవబోతే, కాళ్ళతో నేలని గట్టిగా నొక్కి పట్టింది.

"నేనే" అంది. "టీ పెడతన్నాను."

సోఫా కిర్రుమంది. జోగారావు లేచి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె కాళ్ళ వైపు చూశాడు, మొహం వైపు చూశాడు. ఫ్రిజ్ మీది చదరాల కాగితం ఊడదీసి, ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే మడుస్తూ నిలబడ్డాడు.

"ఇంకోసారి నడువు" అన్నాడు చివరికి. "సరిగా వినలేదు."

సుభాషిణి పొయ్యి తిప్పింది. ఈసారి వెలిగింది.